పాఠకుల ప్రశ్నలు – జవాబులు: స్పిట్‌ఫైర్ విమానాలకు హైదరాబాద్ పేరు

ప్రశ్న: రెండో ప్రపంచయుద్ధం నాటి ఒక పాత ఫొటో ఈ మధ్య నా కంటపడింది. స్పిట్‌ఫైర్ విమానం ముందు నిలబడిన కుర్రవాళ్ల కింద "152 (హైదరాబాద్) స్క్వాడ్రన్" అని రాసి ఉంది. వాళ్లలో మన ప్రాంతం వాడిలా కనిపించేవాడు ఒక్కడూ లేడు. బ్రిటిష్ యుద్ధ విమాన దళానికి మన ఊరి పేరు ఎలా వచ్చింది?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఆ ఫొటో కింది రాత సరైనదే. ఆ దళంలోని పైలట్లు హైదరాబాదీలు కారు. విమానాలకయ్యే డబ్బు హైదరాబాద్ నుంచి వెళ్లింది. యుద్ధ విమానాలు సమకూర్చుకోవడానికి తగినంత సొమ్మును ఏ సంస్థానమైనా, వలస ప్రాంతమైనా, ప్రజాసంఘమైనా విరాళంగా ఇస్తే, ఆ దాత పేరును ఒక స్క్వాడ్రన్‌కు శాశ్వతంగా తగిలించే పద్ధతి బ్రిటిష్ వైమానిక దళంలో ఉండేది. ఇలాంటి వాటిని కానుక స్క్వాడ్రన్లు అనేవారు. మైసూరు, బరోడా సంస్థానాల పేర్లూ, ఆఫ్రికాలోని బసూటోలాండ్ వంటి చిన్న ప్రాంతాల పేర్లూ స్క్వాడ్రన్ల అంకెల పక్కన బ్రాకెట్లలో చేరింది ఈ విధంగానే.

హైదరాబాద్ పేరు ఒక్క దళంతో ఆగలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన సొమ్ముతో 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లు సమకూరాయి. ఆ దళమే తొలి "హైదరాబాద్ స్క్వాడ్రన్". అది 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్ చేరి, యుద్ధం ముగిసేదాకా జర్మనీ పారిశ్రామిక నగరాల మీద పగటి దాడులు చేసి భారీగా నష్టపోయింది. రెండో ప్రపంచయుద్ధంలో మరో రెండు దళాలు ఈ పేరు ధరించాయి. ఒకటి మీరు ఫొటోలో చూసిన 152. రెండోది హరికేన్ విమానాలు నడిపిన 253, దాని పేరు "హైదరాబాద్ స్టేట్". ఈ రెండూ ఫైటర్ దళాలు.

152వ స్క్వాడ్రన్ చిహ్నాన్ని గమనిస్తే ఈ సంబంధం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. దాని నడుమ ఉన్న బొమ్మ నిజాం ధరించే దస్తార్, అంటే ఆసఫ్‌జాహీల తలపాగా. దాని కింది నినాదానికి అర్థం "విశ్వాసపాత్రుడైన మిత్రుడు". మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ చక్రవర్తి నిజాంకు ఇచ్చిన బిరుదును, ఉర్దూలో "యార్-ఎ-వఫాదార్" అని ప్రసిద్ధమైనదాన్ని, యథాతథంగా తీసుకుని ఆ దళం తన నినాదంగా చేసుకుంది.

ప్రశ్న: ఈ 152వ స్క్వాడ్రన్ 1940 నాటి బ్రిటన్ గగనతల యుద్ధంలో నిజంగా పోరాడిందా, లేక పేరుకు మాత్రమే ఉన్న దళమా?
– ఒక విద్యార్థిని, నిజామాబాద్

జవాబు: పోరాడింది, మనుషులను పోగొట్టుకుంది. ఈ దళం కథ ఇంగ్లండులోనే తక్కువమందికి తెలుసు, మన వద్ద దాదాపు ఎవరికీ తెలియదు. అందుకని కొంచెం వివరంగానే చెబుతాను.

152వ స్క్వాడ్రన్ మొదట 1918 అక్టోబరులో సాప్‌విత్ కామెల్ విమానాలతో రాత్రివేళ పోరాడే దళంగా ఏర్పడి, మరుసటి ఏడాదే రద్దయింది. రెండో ప్రపంచయుద్ధం మొదలైన నెల రోజులకు, 1939 అక్టోబరు 1న, ఇంగ్లండు ఈశాన్య తీరంలోని ఆక్లింగ్టన్‌లో దాన్ని మళ్లీ నెలకొల్పారు. అప్పటికి దానికి దక్కినవి రెండంతస్తుల రెక్కలున్న గ్లాడియేటర్లు. కాలం చెల్లిన ఆ విమానాల స్థానంలో 1940 తొలి నెలల్లో స్పిట్‌ఫైర్లు వచ్చాయి. ఆ జూన్‌లో ఫ్రాన్స్ లొంగిపోవడంతో జర్మన్ విమానాలు ఇంగ్లిష్ చానల్ అవతలి ఒడ్డుకే చేరాయి. అందుచేత జూలైలో ఈ దళాన్ని దక్షిణాన డోర్సెట్ జిల్లాలోని వార్మ్‌వెల్ అనే పచ్చిక మైదానానికి తరలించి, పోర్ట్‌లాండ్ నౌకాస్థావరానికి కాపలా పెట్టారు.

వార్మ్‌వెల్ వెనుక లండన్ లేదు కాబట్టి పత్రికల వాళ్ల దృష్టి అక్కడికి అంతగా వెళ్లలేదు. కానీ పడమటి ఇంగ్లండులోని విమాన కర్మాగారాల మీదికి వచ్చే దాడులు ఆ ఆకాశం మీదుగానే సాగేవి. ఆగస్టు 25న వార్మ్‌వెల్ మీదే బాంబులు పడ్డాయి. సెప్టెంబరు 25న బ్రిస్టల్ పక్కనున్న ఫిల్టన్ విమాన కర్మాగారం మీద, ఆ మరునాడు సౌతాంప్టన్‌లో స్పిట్‌ఫైర్లను తయారుచేసే కర్మాగారం మీద పెద్ద దాడులు జరిగాయి. స్క్వాడ్రన్ లీడర్ పీటర్ డెవిట్ నాయకత్వంలోని 152వ దళం ఆ కాలమంతా రోజుకు పలుమార్లు పైకి లేస్తూ వచ్చింది.

ఆనాటి స్పిట్‌ఫైర్ రెక్కల్లో ఎనిమిది బ్రౌనింగ్ మెషిన్ గన్లు ఉండేవి, ఒక్కోదానికి 300 తూటాలు. మీట నొక్కి పట్టుకుంటే పదిహేను సెకన్లలోపే అన్నీ ఖర్చయ్యేవి. శత్రువును వెతుక్కుంటూ ఆరేడు వేల మీటర్ల ఎత్తుకు ఎక్కే పైలట్‌కు చేతిలో ఉన్న అవకాశం ఆ కొద్ది సెకన్లే. బాగా దగ్గరికి వెళితేగాని దెబ్బ తగలదు, అంత దగ్గరికి వెళితే బాంబర్ వెనుక కూర్చున్న గన్నర్‌కు తానే గురి అవుతాడు. కెన్నెత్ హాలండ్ అనే ఇరవై ఏళ్ల సార్జెంట్ పైలట్ విషయంలో జరిగింది ఇదే. ఆస్ట్రేలియాలో పుట్టి ఈ దళంలో చేరిన హాలండ్, సెప్టెంబరు 25న ఫిల్టన్ దాడి నుంచి తిరిగి వెళుతున్న ఒక హైన్‌కెల్ బాంబర్‌ను కూల్చాడు. అదే బాంబర్ గన్నర్ కాల్పులు తగిలి తానూ నేలకూలి మరణించాడు. సోమర్‌సెట్‌లోని వుల్వర్టన్ గ్రామంలో అతని స్మారక శిల ఉంది.

ఎరిక్ మార్స్ అనే మరో పైలట్‌ను తోటివారు "బాయ్" అని పిలిచేవారు. నిజంగానే ముఖం చూస్తే బడిపిల్లవాడిలా ఉండేవాడు, 1940లో అతనికి పందొమ్మిదేళ్లు. ఆ శరత్కాలపు పోరాటాల్లో ఒకసారి తూట్లుపడిన విమానంతో, ఇంజను వేడెక్కిపోతూ ఉండగా, ఒక్క చక్రమే కిందికి దిగిన స్థితిలో అతను క్షేమంగా నేల మీద వాలాడు. బ్రిటన్ యుద్ధమంతా బతికి బయటపడిన ఆ కుర్రవాడు 1941 జూలై 24న, ఫ్రాన్స్ తీరంలోని బ్రెస్ట్ రేవులో ఉన్న జర్మన్ యుద్ధనౌకల మీదికి వెళ్లే బాంబర్లకు తోడుగా వెళ్లి, నేల మీది నుంచి పేల్చిన ఫిరంగి దెబ్బకు కూలిపోయాడు. అప్పటికి ఇరవై నిండి రెండు వారాలు.

ఈ దళానికి సముద్రం జర్మన్లకు తక్కువ కాని శత్రువు. అప్పట్లో బ్రిటిష్ ఫైటర్ పైలట్ ఒంటి మీద గాలి నింపుకునే జాకెట్ తప్ప, నీళ్ల మీద కూర్చునేందుకు రబ్బరు తెప్ప ఉండేది కాదు. చానల్‌లో దిగిన చాలామంది మళ్లీ కనిపించలేదు. ఆగస్టు 12న అలా కనిపించకుండా పోయిన డగ్లస్ షెప్లీ పేరు మీద అతని కుటుంబం చందాలు పోగుచేసి ఒక స్పిట్‌ఫైర్‌ను కొని వైమానిక దళానికి ఇచ్చింది, దాని మీద "షెప్లీ" అని రాయించింది. ప్రజలు విరాళాలిచ్చేందుకు వీలుగా ఒక స్పిట్‌ఫైర్ ధరను ప్రభుత్వం 5,000 పౌండ్లుగా ప్రకటించింది. నిజానికి తయారీ ఖర్చు అంతకంటే ఎక్కువే.

253వ స్క్వాడ్రన్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ దళం 1940 ఆగస్టు చివరి రోజుల్లో లండన్‌కు దక్షిణంగా ఉన్న కెన్లీకి చేరింది. ఆగస్టు 31న దాని కమాండర్ హెరాల్డ్ స్టార్ మరణించాడు. అదే రోజు స్క్వాడ్రన్ లీడర్ టామ్ గ్లీవ్ హరికేన్ మంటల్లో చిక్కుకుని, ముఖమూ చేతులూ కాళ్లూ కాలిన స్థితిలో పారాచూట్‌తో దిగాడు. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో ఆర్చిబాల్డ్ మెకిండో అనే వైద్యుడు అతనికి కొత్త ముఖాన్ని కూర్చాడు. కాలిన గాయాలకు ప్లాస్టిక్ సర్జరీ ఒక శాస్త్రంగా ఎదిగిన ఆ ఆసుపత్రిలో చికిత్స పొందిన వైమానికులు పెట్టుకున్న "గినీ పిగ్ క్లబ్" వ్యవస్థాపకుల్లో గ్లీవ్ ఒకడు.

ప్రశ్న: నిజాం ఇచ్చాడంటున్నారు. ఆ డబ్బు అసలు ఎవరిది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు కృతజ్ఞతలు. ఇంగ్లిష్‌లో ఈ దళాల గురించి రాసినవాళ్లు దాదాపు అందరూ "నిజాం ఔదార్యం" అనే రెండు మాటలతో విషయాన్ని ముగిస్తారు. ఆనాడు ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపొందిన ప్రభువు కాబట్టి అది సహజంగానే తోస్తుంది. కానీ ఆ సంపద ఎక్కడి నుంచి వచ్చిందో మన ప్రాంతం వాళ్లకు తెలియనిది కాదు. దివానీ ప్రాంతం నుంచి వచ్చేది సర్కారు ఖజానాకు చేరేది. సర్ఫ్-ఎ-ఖాస్ గ్రామాల రాబడి నిజాం సొంత ఖర్చులకు పోయేది. రెంటికీ ప్రధానమైన ఊట భూమిశిస్తే. 1941 జనగణన నాటికి సంస్థానంలో కోటీ అరవై లక్షలకు పైగా జనం ఉన్నారు, వారిలో తెలుగువారే అందరికంటే ఎక్కువ. యుద్ధకాలంలో శిస్తుకు తోడు ధాన్యం లెవీ కూడా రైతు నెత్తిన పడింది. దేశ్‌ముఖుల వెట్టిచాకిరీ, అక్రమ వసూళ్లు సరేసరి. ఆ ఒత్తిడి పెరిగి పెరిగి 1946లో సాయుధ పోరాటంగా ఎలా బద్దలైందో మన చరిత్రలో చదువుకున్నదే.

ఆ రైతును విమానాల గురించి ఎవరూ అడగలేదు. సంస్థానంలో ప్రజలెన్నుకున్న బాధ్యతాయుత ప్రభుత్వం లేదు. దాన్ని కోరిన స్టేట్ కాంగ్రెస్ 1938 నుంచి నిషేధంలో ఉంది. కాబట్టి 152వ స్క్వాడ్రన్ చిహ్నం మీద ఉండవలసింది దస్తార్ ఒక్కటే కాదని నా అభిప్రాయం. ఆ స్పిట్‌ఫైర్ల వెనుక నల్లగొండ, వరంగల్, ఔరంగాబాద్, రాయచూరు పొలాలు కూడా ఉన్నాయి. ఇలా అంటే హాలండ్, మార్స్ వంటి కుర్రవాళ్ల త్యాగం తగ్గిపోదు. వాళ్లు ఎదిరించిన నాజీ పాలన ఎంతటి ఘోరమో లోకానికి తెలుసు, వాళ్లు తమ ప్రాణాలు పెట్టారు. వారికి విమానాలు అందడంలో ఎవరి చెమట ఉందో చెప్పకుండా వదిలేసిన చరిత్ర మాత్రం అసంపూర్ణమైనది.

ప్రశ్న: హైదరాబాద్ సంస్థానం సంగతి సరే, అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉన్న మన కోస్తా, రాయలసీమ ప్రాంతాలకు ఇలాంటి సంబంధం ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఉంది. 79వ స్క్వాడ్రన్ "మద్రాస్ ప్రెసిడెన్సీ" అనే పేరు ధరించింది. హరికేన్లతో బ్రిటన్ యుద్ధంలో పోరాడిన ఆ దళం తర్వాత మన దేశానికి వచ్చి బర్మా యుద్ధంలో కూడా పాల్గొంది. మద్రాసు రాష్ట్రంలో సేకరించిన యుద్ధనిధుల్లో తెలుగు జిల్లాల వాటా ఉండటం సహజం.

అదే 1940 అక్టోబరులో ఇంకొకటి కూడా జరిగింది. బ్రిటన్ గగనతల యుద్ధం ముగింపుకు వస్తున్న రోజుల్లోనే, అక్టోబరు 17న, వినోబా భావేతో గాంధీజీ వ్యక్తి సత్యాగ్రహాన్ని ప్రారంభింపజేశారు. ఈ యుద్ధానికి మనుషులతో గాని, డబ్బుతో గాని తోడ్పడటం తప్పు అని బహిరంగంగా చెప్పి అరెస్టు కావడమే ఆ సత్యాగ్రహం. భారత ప్రజలను సంప్రదించకుండా వైస్రాయి మన దేశాన్ని యుద్ధంలోకి దింపాడన్నది కాంగ్రెస్ అభ్యంతరం. ప్రకాశం పంతులు గారితో సహా ఎందరో తెలుగువారు ఆ మాట అన్నందుకే జైలుకు వెళ్లారు. ఒక జిల్లాలో యుద్ధనిధికి చందా ఇచ్చినవారూ, ఇవ్వకూడదని చెప్పి జైలుకు వెళ్లినవారూ పక్కపక్క వీధుల్లోనే ఉన్న కాలం అది.

ప్రశ్న: హైదరాబాద్ స్క్వాడ్రన్ ఎప్పుడైనా మన దేశానికి వచ్చిందా? హైదరాబాదీ పైలట్ ఎవరైనా అందులో పనిచేశారా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మొదటి దానికి జవాబు, వచ్చింది. 1942 నవంబరులో మిత్రదేశాలు ఉత్తర ఆఫ్రికాలో దిగినప్పుడు 152వ దళం అక్కడికి వెళ్లి, ట్యునీషియా, మాల్టా, సిసిలీ, ఇటలీ మీదుగా పోరాడింది. అదే సమయంలో బర్మాను ఆక్రమించిన జపాన్ మన తూర్పు సరిహద్దు వద్ద నిలిచి ఉండటంతో 1943 చివర ఈ దళాన్ని ఇక్కడికి పంపారు. అప్పుడు దానికి ఇచ్చిన ఎనిమిదో రకం స్పిట్‌ఫైర్లు ఎత్తులోనూ వేగంలోనూ జపాన్ వారి హయబుసా విమానాలను మించినవి. అయితే గిరికీలు కొట్టడంలో హయబుసాదే పైచేయి. అందుచేత దానితో వలయాలు తిరిగే పోరులోకి దిగకుండా, పైనుంచి దూకి కొట్టి మళ్లీ పైకి లేచిపోవడమే స్పిట్‌ఫైర్ పైలట్ల పద్ధతి అయింది. అరకాన్, మణిపూర్ ప్రాంతాల నుంచి మొదలుకొని, ముందుకు సాగుతున్న బ్రిటిష్ పద్నాలుగో సైన్యం వెన్నంటే అడవిలో చదును చేసిన మట్టి రన్‌వేల మీద నుంచి 152వ దళం 1945 దాకా బర్మాలో పనిచేసింది. విమానాలతో సరకులు జారవిడిస్తే తప్ప తిండి అందని సైన్యం అది. సరకులు మోసే డకోటాలు భద్రంగా తిరగాలంటే ఆకాశం ఈ ఫైటర్ల చేతిలో ఉండాలి. వానాకాలంలో బురదలో కూరుకుపోయే ఆ రన్‌వేల పక్కన, టార్పాలిన్ కింద ఇంజన్లు విప్పి బిగించిన ఫిట్టర్లు, రిగ్గర్లు, తుపాకులు సరిచేసే ఆర్మరర్ల పేర్లు పైలట్ల పేర్లలా చరిత్రకెక్కలేదు. ఒక్కో పైలట్‌ను ఎగరేయడానికి నేల మీద ఎన్నో చేతులు కావలసి వచ్చేవి.

బర్మాలో ఆ దళం వాళ్లు తమ స్పిట్‌ఫైర్ల పక్కల మీద, గుండ్రటి వైమానిక ముద్రకు అటూ ఇటూ సాగుతూ దూకే నల్లచిరుతను చిత్రించుకున్నారు. అధికారిక చిహ్నంలోని నిజాం తలపాగా కంటే ఆ చిరుతే వాళ్లకు ఎక్కువ ఇష్టమైనట్టు కనిపిస్తుంది. ఆ దళం మాజీ సైనికుల జ్ఞాపకాల్లో అదే నిలిచింది.

ఇక రెండో ప్రశ్న. హైదరాబాద్‌లో 1923లో పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్ 1942లో భారత వైమానిక దళంలో చేరి, బ్రిటన్‌లో హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాల మీద శిక్షణ పొంది, బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. కానీ ఆయన పనిచేసింది భారత వైమానిక దళపు 3వ స్క్వాడ్రన్‌లో, హైదరాబాద్ పేరున్న బ్రిటిష్ దళంలో కాదు. దేశ విభజన సమయంలో ఆయన భారతదేశంలోనే ఉండాలని నిర్ణయించుకుని, 1978 నుంచి 1981 వరకు మన వైమానిక దళాధిపతిగా పనిచేశారు. సొంత ఊరి పేరున్న దళంలో కాకపోయినా, అదే యుద్ధంలో, అదే రంగంలో ఎగిరిన అసలైన హైదరాబాదీ ఆయన. ఈ కథలో ఆయనకు దక్కవలసిన చోటు దక్కాలి.

ప్రశ్న: ఆ స్క్వాడ్రన్లు ఇప్పుడున్నాయా? ఆనాటి విమానం ఏదైనా మిగిలి ఉందా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ఇప్పుడు ఏదీ లేదు. 253వ దళం యుద్ధం తర్వాత ఒకసారి రద్దయి, 1955లో వెనమ్ జెట్ విమానాలతో మళ్లీ ఏర్పడి, రెండేళ్లకు ముగిసింది. 152వ దళం 1950లలో మీటియర్ జెట్లతో ఇంగ్లండులో రాత్రి కాపలా కాసింది. 1958లో బహ్రెయిన్‌లో రవాణా దళంగా మారి, 1967లో రద్దయింది. తొలి హైదరాబాద్ స్క్వాడ్రన్ అయిన 110వ దళం, బ్రిటన్ రెండో ప్రపంచయుద్ధంలోకి దిగిన మరునాడే, అంటే 1939 సెప్టెంబరు 4న, జర్మనీ యుద్ధనౌకల మీద బ్రిటన్ జరిపిన మొట్టమొదటి బాంబు దాడిలో పాల్గొంది. అది చివరికి హెలికాప్టర్లు నడిపి 1971లో ముగిసింది.

స్పిట్‌ఫైర్ల కంటే పాతదైన ఒక విమానం మాత్రం మిగిలింది. 110వ దళానికి చెందిన డీహెచ్-9ఏ ఒకటి 1918 అక్టోబరులో జర్మనీ భూభాగంలో దిగి పట్టుబడింది. జర్మన్లు దాన్ని బెర్లిన్‌లోని ప్రదర్శనశాలలో పెట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుండగా అక్కడి విమానాలను తూర్పుకు తరలించడంతో అది పోలండ్ చేరింది. 1970లలో అక్కడి నుంచి ఇంగ్లండుకు తిరిగివచ్చింది. లండన్ ఉత్తర భాగంలోని హెండన్ వద్ద ఉన్న రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఇప్పుడు దాన్ని చూడవచ్చు. నిజాం కానుక అని తెలిపే అక్షరాలతో పాటు "హైదరాబాద్ నంబర్ 12ఏ" అన్న రాత దాని మీద ఉంది. మీ పిల్లలెవరైనా లండన్‌లో చదువుతుంటే, ప్రవేశ రుసుము లేని ఆ మ్యూజియంలో చెక్కతో, బట్టతో చేసిన ఆ విమానాన్ని ఒకసారి చూసి రమ్మనండి.